సరేసు ఆరేదాకా

సరేసు కాగుతున్నప్పుడు వచ్చే కంపుకి ఈగలు కూడా పక్క క్వార్టరుకి బదిలీ చేయించుకుంటాయని అమ్మన్న ఊరందరికీ చెప్పి నవ్వించాడు గాని, ఇవాళ ఆ మాట మనసులో అనుకుంటే తనకే నవ్వు రాలేదు. కూతురు కనకం తెల్లవారకముందు నించీ నొప్పులు పడుతోంది, వంటగదిని ఆనుకున్న గది తలుపు మూసేశారు, లోపల తల్లి అచ్చియమ్మా, లాల్‌ఖదాన్ నించి పిలిపించిన మంత్రసాని ఫుల్‌బాసనూ ఉన్నారు, మొగవాడన్నవాడు ఆ గుమ్మం ఛాయలకి రాకూడదు, అందుకని అమ్మన్న రైల్వే షెడ్డులో డ్యూటీకి సెలవు చెప్పి, పెరట్లో ఆ గది గోడవారనే నీడలో గొంతుక్కూచుని, కుంపటి మీద నీళ్ళ గిన్నె, నీళ్ళ గిన్నెలో ఇంకో చిన్న గిన్నె పెట్టి, చిన్న గిన్నెలో రాత్రంతా నానిన సరేసు ముక్కల్ని పుల్లతో తిప్పుతున్నాడు. తోళ్ళూ ఎముకలూ ఉడకబెట్టి ఎండబెట్టిన జిగురది. తిన్నగా మంట మీద పెడితే మాడుతుంది, మాడితే పట్టు పోతుంది, అందుకే నీళ్ళ వేడిమీద మాత్రమే కరగాలి, బుజ్జగించి పడుకోబెట్టినట్టు కరగాలి, బుజ్జగించడమంటే మళ్ళీ లోపలి గది గుర్తొచ్చింది, లోపలినించి మూలుగు వచ్చింది, పుల్ల ఆగింది, మూలుగు తగ్గింది, పుల్ల తిరిగింది. అల్లుడు రమణమూర్తి గూడ్సు గార్డు, నిన్న సాయంత్రం రాయగఢ్ వైపు వెళ్ళినవాడు ఇంకా దిగలేదు, దిగినా చేసేదేముంది, మామా అల్లుడూ కలిసి ఒకే గోడకేసి చూస్తారు, గోడకి సిగ్గేస్తుంది.

గోడకి అటు చివర, కర్ర తిప్పి ఉలితో గుండ్రం తీసే తరిమెన ఉంది. తాతగారి ఊళ్ళో, వరాహనది ఒడ్డున, ఒకడు తాడు లాగుతుంటే ఒకడు ఉలి పట్టేవాడు, ఈ బిలాస్‌పూర్లో తాడు లాగడానికి ఎవరొస్తారని అమ్మన్న పాత కుట్టుమిషను చక్రానికి కాలి పలక తగిలించి, తొక్కుతుంటే కర్ర గిర్రున తిరిగేలా కట్టుకున్నాడు. ఇప్పుడా పలకకి అచ్చియమ్మ తన పాత చీర పీలిక చుట్టి ముడేసింది. కనకానికి నెల తప్పిందని తెలిసిన రోజునే వేసింది. పుట్టబోయే బిడ్డకి ముందుగా ఏదీ సిద్ధం చెయ్యకూడదు, బట్ట కుట్టకూడదు, బొమ్మ చెయ్యకూడదు, ఉయ్యాల మాట ఎత్తకూడదు. మొదటిసారి అమ్మన్న వినలేదు. టేకు దుంగలు ఏకంగా తరిమెన పట్టి ఉయ్యాలకి నాలుగు కోళ్ళు తీశాడు, లక్క పూశాడు, చూసినవాళ్ళు చెయ్యి తియ్యలేదు, బిలాస్‌పూర్ వేసవి వడగాలికి అందులో ఒక కోడు నిలువునా పగిలింది, కనకానికి పుట్టిన బిడ్డ ఏడవలేదు. రెండోసారి ఏమీ చెయ్యలేదు, ఒక్క బొంగరం తప్ప, బొంగరానికేముంది, ఎవరిదైనా బొంగరమే గదా అనుకున్నాడు, ఏడో నెలలో ఆ కడుపూ పోయింది.  అచ్చియమ్మ ఆ బొంగరాన్ని పొయ్యిలో పెట్టి, అది కాలేదాకా పక్కనే నిలబడింది. ఈసారి ఆమె అమ్మన్న చెయ్యి తీసి కనకం నెత్తిమీద పెట్టించి ఒట్టు వేయించింది, తరిమెన తొక్కనని. సరే, తొక్కలేదు. అమ్మన్న మాట తప్పే మనిషి కాడు, మాటని కొంచెం పక్కకి జరిపి వెనకనించి దూరే మనిషి. ఒట్టులో తొక్కడం ఉంది గాని అతకడం లేదు. కర్ర కొయ్యడం లేదు, బెజ్జం పెట్టడం లేదు. ముక్కలు ముక్కలే. తిప్పి, ఉలి పట్టి, గుండ్రం తీసి, లోపల గింజలు వేసి మూసేదాకా అది గిలక్కాయ ఎలా అవుతుంది, మంచం కోడుకి టోపీ కావచ్చు, హుక్కా బుడ్డికి మూత కావచ్చు, దేవుడు వచ్చి ఇదేమిటిరా అని అడిగితే ఏమో సామీ నాకూ తెలీదని అనొచ్చు. దేవుడిని మోసం చెయ్యడం కాదిది, ఆయన కంటపడకుండా చేతులకి పని ఇవ్వడం.  

పొద్దున పిడి ముక్కకి బెజ్జం పెట్టాడు. విల్లు లాంటి బద్దకి తాడు చుట్టి ముందుకీ వెనక్కీ లాగితే మొన తిరుగుతుంది, బర్మా అంటారు ఇక్కడ. బర్మా పట్టేవాడు చెవితో పట్టాలి, నడుమన దిగుతున్నప్పుడు ఒక పాట, పక్కకి ఒరిగితే కీచు. కాసేపటికి తన విల్లు లోపల కనకం ఊపిరితో పాటు నడుస్తోందని గమనించాడు, ఆమె పీలిస్తే ముందుకి, వదిలితే వెనక్కి, ఆమె బిగబడితే తన చెయ్యీ బిగబడింది, మొన కర్రలో అలా నిలబడిపోయింది, మళ్ళీ ఊపిరి వచ్చేదాకా దాన్ని లాగడానికి భయమేసింది, అవతలివైపు పొట్టు చిమ్ముతూ మొన బయటపడ్డప్పుడు తను ఏదో దాటినట్టు చెమటలు పట్టాయి. పిడికి తెల్లటి అంకుడు కర్ర, చక్రానికి అంకుడూ ఎర్రటి వేగిసా ఒకటి విడిచి ఒకటి. ముక్కలుగా కోసి చక్రం కట్టడం ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో నేర్చుకున్నాడు, మీసాలు రాని వయసులో, ఒక చీనా వడ్రంగి దగ్గర. ఇనుము పోత పొయ్యడానికి కర్ర అచ్చులు చేసేవాడతను, ఇద్దరికీ కలిసిన భాష లేదు, అతను ఒక ముక్క చూపించి తల అడ్డంగా ఊపేవాడు, ఇంకో ముక్క చూపించి నిలువుగా ఊపేవాడు, రెండేళ్ళలో అమ్మన్న మెడ కూడా అలాగే ఊగడం నేర్చింది. దుంగ ఏకంగా ఉంటే ఎండకి పగులుతుంది, ముక్కలు చేసి పొర తిప్పి అతికితే ఒకదాని లాగుడు ఇంకొకటి ఆపుతుంది. కాని ముక్కల చక్రానికో తెగులుంది. ఒక్కో ముక్క అంచు వెంట్రుకంత తేడాగా కోసినా, ఆ తేడాలన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి ఆఖరి సందు దగ్గర గోరు దూరేంతగా తెరుచుకుంటాయి, చక్రం మూసుకోదు. అందుకని చీనావాడు ముందు రెండు అరచక్రాలు విడివిడిగా అతికించేవాడు, అవి ఆరాక వాటి కొసలు చదునుగా పట్టి, అప్పుడు రెంటినీ కలిపేవాడు, ఏ తప్పు ఎక్కడ జరిగిందో చక్రానికి గుర్తుండేది కాదు. నిన్నటి రెండు అరచక్రాలు గోనెపట్టా మీద ఎండలో వెచ్చబడుతున్నాయి. కర్ర చల్లగా ఉంటే సరేసు తగలగానే గడ్డకడుతుంది, అతుకు నిలబడదు. వేలితో సరేసు తీసి బొటనవేలికి తాకించి విడదీశాడు, సాలెగూడు దారంలా సాగింది. సిద్ధమయింది. లోపల ఫుల్‌బాసన్ గట్టిగా ముక్కమంటోంది, జోర్ లగా, జోర్ లగా.

నాలుగు కొసలకీ సరేసు పూసి, కొసకి కొస ఆనించి, కొంచెం రుద్ది గాలి పోగొట్టి, ఇప్పుడు తాడు చుట్టి పుల్ల వేసి మెలిపెట్టాలి, మెలిపెట్టిన తాడు రాత్రిదాకా పట్టి ఉంచుతుంది, తాడు కోసం చెయ్యి చాపేసరికి తాడు లేచిపోయింది. అచ్చియమ్మ చేతిలో ఉంది. ఆమె ఎప్పుడు వచ్చిందో, చెంగు నడుముకి దోపుకుని, జుట్టంతా రేగిపోయి.

“ఈ తాడు గట్టిదేనా?”

“గట్టిదే. ఎందుకే?”

“దూలానికి కడతాది మంత్రసాని. పిల్ల పట్టుకుని లాగాల. ఓపిక అయిపోనాది దానికి.” అప్పుడు ఆమె చూపు అతని చేతులమీద పడింది, చేతుల్లో తెల్లగా ఎర్రగా ఉన్న చక్రం మీద పడింది. “ఏటయ్యా అది?”

“ముక్కలే.”

“ఒట్టేసినావు.”

“తొక్కనన్నాను. తొక్కనేదు గదా.”

 అచ్చియమ్మ తాడు చుట్టుకుని, వంగి, కుంపటి మీది సరేసు గిన్నెని వేళ్ళతో ఎత్తి నేలమీద పెట్టేసి, కుంపటీ నీళ్ళూ కూడా పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది, తిట్టడానికి తీరిక లేనంత పని లోపల ఉందన్నమాట.

తాడు లేదు, ఇక చేతులే తాడు. రెండరచేతుల మధ్య చక్రాన్ని పెట్టుకుని, మోకాళ్ళ సందున మోచేతులు బిగించి, నొక్కి పట్టాడు. వదిలితే జారుతుంది, జారిన అతుకు మళ్ళీ అతకదు, సరేసు ఒకసారే పట్టు ఇస్తుంది. గోడ అవతల దూలం కిర్రుమంది, తన తాడు బిగుసుకుంది, ఆ తాడు సంగతి తనకి తెలుసు, జనపనార, మూడు పేటలు, ఎంత లాగినా తెగదు, అటు కొసని కనకం లాగుతోంది, ఇటు తను నొక్కుతున్నాడు, ఆ పిల్ల చేతులు చిన్నప్పటినించీ పొట్టివి, వేళ్ళు లావు, ఉలి పట్టుకుంటానని ఏడ్చేది, పొట్టు పోగుచేసి గడ్డం కట్టుకుని నేను నాన్నని అనేది, పడుకునేటప్పుడు కథ కావాలి, కథ చెప్పాక అబద్ధమని పోట్లాడాలి, మోప్కా చెరువులో చేప గేదెని మింగిందంటే, కొమ్ములెలగ మింగిందో సెప్పమనేది, కొమ్ముల దగ్గరకొచ్చేసరికి చేప గేదెతో ఒప్పందం చేసుకుందని చెప్పాల్సి వచ్చింది. మొదటి బిడ్డ పోయిన తరవాత ఆమె అడగలేదు, తనూ చెప్పలేదు, షెడ్డులో చెప్పాడు, టీ బండి దగ్గర చెప్పాడు, ఇంట్లో మాత్రం కథ గొంతు దాకా వచ్చి కూచునేది, కనకం పక్కనించి వెళ్తుంటే మింగేసేవాడు.

“నాన్నా.”

గోడలోంచే వచ్చినట్టుంది. గోడకి పైన గాలి కోసం వదిలిన కన్నం ఉంది, అక్కణ్ణించి వచ్చింది.

“ఆఁ, తల్లీ.”

“ఉన్నావేటి అక్కడ?”

“ఎక్కడికెళ్తానమ్మా. చేతులు అతుక్కుపోనాయి.”

“కంపు కొడతంది నాన్నా నీ సరేసు. కడుపులో తిప్పుతంది.”

“తీసీమంటావేటి?”

“వద్దు. ఏదొకటి మాటాడు. ఈళ్ళందరూ ఊపిరి పీల్చు, ఊపిరి పీల్చు అని సంపేస్తన్నారు.”

ఏదొకటి అంటే ఏది. ఇంతకాలం గొంతులో కూచున్నవన్నీ ఒక్కసారి లేచి ఎటో పోయాయి, చేతిలో ఉన్నది సరేసే గనక సరేసుతోనే మొదలుపెట్టాడు. “ఖరగ్‌పూర్లో నానున్నప్పుడు ఒకసారి సరేసు కాగు పట్టాల మీద ఒలికిపోనాది. ఈపాటి కాగు కాదు, ఏనుగు తొట్టంత. అదే టయానికి మెయిలు బండొచ్చింది. వచ్చి, అలగే ఆగిపోనాది. డ్రైవరు బొగ్గేయిస్తాడు, పొగొస్తాది, కూతొస్తాది, చక్రం కదల్దు. ఏటా అని దిగినాడు, బూటు అతుక్కుంది. ఫైర్‌మేనొచ్చి ఆణ్ణి లాగినాడు, ఆడూ అతుక్కున్నాడు. గార్డొచ్చి ఫైర్‌మేన్ని లాగినాడు.”

“మరి పెట్టెల్లో జనం దిగనేదేటి?”

“దిగితే అతుక్కుపోతామని కిటికీలేసీసుకున్నారు. లోపలే వంటలు, లోపలే స్నానాలు. ఒక పెట్టెలో పెళ్ళి కూడా అయిపోనాది.”

నవ్వో మూలుగో, రెండూ కలిసిందో, కన్నంలోంచి వచ్చింది. “అబద్ధం.”

“అబద్ధమైతే ఆ బూట్లు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి, ఎళ్ళి సూసుకో.”

“మరెలగ కదిలింది?” అంది కనకం, అని, మాట మధ్యలో ఊపిరి తెగినట్టయి, దూలం కిర్రుమని, ఫుల్‌బాసన్ గొంతు ఒక్కసారి మారిపోయింది, జోర్ లగా అనే గొంతు కాదిది, తక్కువ స్వరంతో వెంటవెంటనే ఏదో చెబుతోంది, అచ్చియమ్మ అచ్ఛా అచ్ఛా అంటోంది, తరవాత ఆ మాటలు కూడా లేవు.

ఎలా కదిలింది. అమ్మన్నకి తెలీదు. కథ మొదలుపెట్టేటప్పుడు చివర ఎప్పుడూ తెలీదు, దారిలో దొరుకుతుంది, ఇవాళ దొరకడం లేదు. వాన వచ్చి సరేసు నానిందన్నాడు, అటునించి పలుకు లేదు. ఎద్దులు కట్టి లాగించారంటే, ఎద్దులూ అతుక్కుంటాయి. గట్టిగానే అన్నాడు గోడతో, ఎద్దులు కట్టారమ్మా అని, ఎన్ని ఎద్దులని అడగాల్సిన పిల్ల అడగలేదు. మొదటిసారి కూడా ఇలాగే, కేకలు ఆగాయి, అయిపోయిందనుకున్నాడు, పంచె దులుపుకుని లేచాడు, మిఠాయి తేవాలా అని అచ్చియమ్మని అడిగాడు, ఆమె తలుపు దగ్గర నిలబడి ఉన్న తీరు చూసేదాకా అడుగుతూనే ఉన్నాడు. అందుకని ఇప్పుడు లేవకూడదు. లేవడానికి లేదు కూడా, చక్రం పట్టుకుని ఉన్నాడు. అరచేతులు తిమ్మిరెక్కాయి, నరాలు కొట్టుకుంటున్నాయి, కొట్టుకుంటున్నది తన చేతులా చక్రమా తెలియడం లేదు, లోపల ఏదో బతికున్నట్టే ఉంది, వదిలితే పోతుంది, ఇదేం ఆలోచన, కర్రకీ పిల్లకీ ఏమిటి సంబంధం, ఏమీ లేదు, అయినా వదలడు, నువ్వు నవ్వుకో సామీ, ఇది గిలక్కాయే, నీకు ముందే తెలుసు, హుక్కా బుడ్డి మూత ఎవరికి కావాలి, దీనికి ఇంకా రెండు వరసలు చక్రాలు కట్టాలి, పిడి దూర్చాలి, నున్నగా తియ్యాలి, అంత పనుంది, నువ్వు కావాలంటే ఇదంతా పొయ్యిలో పెట్టుకో, నేనే పక్కన నిలబడతాను, లోపలివాళ్ళని వదిలెయ్. యార్డులో పెట్టెలు ఒకదానికొకటి తగులుకుంటున్న చప్పుడు వరసగా దూరమైంది. పక్క క్వార్టరు మంగాయమ్మ పప్పు విసురుతున్నది ఆపింది, ఆమె కూడా వింటోందన్నమాట, వీధి వీధంతా చెవి ఒగ్గి ఉందన్నమాట. ఈగ ఒకటి వచ్చి సరేసు గిన్నె అంచుమీద వాలింది. బదిలీ చేయించుకోలేదు ఇది. దాన్ని తోలడానికి చెయ్యి లేదు, అది రెక్కలు దువ్వుకుంటోంది, అమ్మన్న దానికేసే చూస్తున్నాడు, దాని రెక్కలు తప్ప లోకంలో ఇంకేదీ కదలడం లేదు.

చప్పున ఒక దెబ్బ, తడి చర్మం మీద అరచెయ్యి కొట్టిన దెబ్బ. ఇంకొకటి. తరవాత తుమ్ము లాంటిది, పిల్లి గోళ్ళతో గీరినట్టు ఒక సన్నటి రాపిడి, అది గొంతు వెతుక్కుంది, వెతుక్కుని, దొరికాక, ఇంత సేపు నన్నెందుకు నిలబెట్టారని పోట్లాటకి దిగినట్టు కీచుగా, వరసగా, ఆగకుండా ఏడుపు. మంగాయమ్మ ఇంట్లో తిరగలి మళ్ళీ మొదలైంది. ఫుల్‌బాసన్ కన్నంలోంచి కేకేసింది, “నోనీ ఆయే హే బబా, నోనీ.” ఇక్కడివాళ్ళు ఆడపిల్లని నోనీ అంటారు. అమ్మన్న తలూపాడు, చీనావాడిలా నిలువుగా, గోడకి, కాని ఇది సగమే, రెండో సగం ఇంకా పలకలేదు, ఆ సగాన్ని పేరుపెట్టి పిలవడానికి కూడా ధైర్యం లేదు.

“మరి మెయిలెలగ కదిలిందో సెప్పనేదు నువ్వు,” అంది కనకం. గొంతు బొంగురుపోయి, బావిలోంచి వచ్చినట్టుంది.

అమ్మన్న నవ్వాడు. నవ్వు అనుకునే మొదలుపెట్టాడు, కళ్ళవెంటా ముక్కువెంటా నీళ్ళు కారాయి, తుడుచుకోవడానికి చెయ్యి లేక భుజానికి రాసుకున్నాడు. “ఎక్కడ కదిలిందే. ఇంకా అక్కడే ఉంది. నువ్వు లేచాక ఎళ్ళి తోసొద్దాం.”

“అబద్ధాలకోరు,” అంది ఆమె హాయిగా.

ఎండ గోడ ఎక్కి దిగే వేళకి అచ్చియమ్మ పెరటి తలుపు తీసుకుని, బట్టలో చుట్టిన దాన్ని గుండెకి ఆనించుకుని వచ్చింది. ఎర్రగా, ముడతలు పడి, కోపంగా ఉంది ఆ మొహం, అచ్చం అచ్చియమ్మలాగే ఉందని అందామనుకుని మానుకున్నాడు. “పట్టుకో,” అంది. పట్టుకోవడానికి చేతులు రావు. చక్రం చుట్టూ పొంగిన సరేసు వేళ్ళ సందుల్లోకి కారి గాజులా ఎండిపోయింది, లాగితే తోలు ఊడేలా ఉంది. అచ్చియమ్మ చూసింది. మనవరాలిని మంగాయమ్మ చేతికి పిట్టగోడ మీంచి అందించి, లోపలినించి గోరువెచ్చని నీళ్ళ చెంబు తెచ్చి అతని ఎదురుగా కూలబడింది. “చక్రం పైకెత్తు, అతుకు తడవగూడదు,” అంది తనే, వేళ్ళ మీద మాత్రం సన్నగా పోస్తూ, ఒక్కొక్క వేలే విప్పుతూ. సరేసు మెత్తబడి జారింది. చక్రం విడిగా వచ్చింది, అతుకు ఎక్కడుందో గోటికి కూడా తెలియలేదు. తిట్లు ఇప్పుడు వస్తాయనుకుని అమ్మన్న తల వంచాడు. ఆమె చెంబు పక్కన పెట్టి, వంటగదిలోకి వెళ్ళి, బియ్యం డబ్బా వెనకనించి ఒక మూట తెచ్చి ఒళ్ళో విప్పింది. అతని పాత పంచె మెత్తటి గుడ్డ, చిన్న చిన్న ముక్కలు, చంటిపిల్ల చొక్కాకి రెండు చేతులు, ఒక వీపు, రెండు ముందు పలకలు, మెడ గుండ్రంగా కత్తిరించి, అంచులు మడిచి, గోటితో నొక్కి పెట్టి.

“కుట్టనేదు నాను,” అంది అచ్చియమ్మ, అతని మొహంలోకి చూడకుండా. “కోసి ఎట్టినానంతే.”

ఎన్ని నెలల కిందట కోసిందో మడతలు చూస్తే తెలుస్తోంది. ఏడిపించడానికి ఇంతకంటే మంచి అదను జన్మలో దొరకదు, పది మాటలు నాలుక మీదికొచ్చాయి, అమ్మన్న వాటిని మింగేసి ఆ గుడ్డముక్కలకేసి చూశాడు.

“ఊరకే సూస్తావేటి, సూదిలో దారం ఎక్కించు. నా కళ్ళు ఆనవు,” అంది.

అతని కళ్ళూ ఆనవు. దారం కొస రెండు వేళ్ళ మధ్య పెట్టి నలిపాడు. వేళ్ళకి మిగిలిన సరేసు పట్టి కొస ముల్లులా బిరుసెక్కింది, సూదికేసి గురిచూస్తే మొదటిసారికే దూరిపోయింది.